లండన్–న్యూయార్క్: నా లెక్క గాలికి పోయింది

జనవరిలో లండన్ నుంచి న్యూయార్క్ వెళ్ళాను. ముందు రోజు ఊరికే ఉండలేక ఒక లెక్క వేసుకున్నా: రెండు నగరాల మధ్య సుమారు 5,570 కిలోమీటర్లు, విమానం గంటకు 900 పోతుంది, కాబట్టి ఆరు గంటల పది నిమిషాలు. టికెట్ చూస్తే మధ్యాహ్నం ఒంటి గంటకు బయల్దేరి నాలుగింటికి దిగడం. చూడ్డానికి మూడు గంటలే, కానీ న్యూయార్క్ గడియారం ఐదు గంటలు వెనక, అంటే ఎనిమిది గంటల ప్రయాణం. దాదాపు రెండు గంటలు తేడా!

గేటు వదిలాక రన్‌వే ఎక్కడానికే పాతిక నిమిషాలు పట్టింది, అది సరే. తెర మీద మ్యాప్ చూస్తే మా దారి ఐర్లండ్ దాటాక పైకి, గ్రీన్‌లాండ్ దక్షిణ కొస వైపుకి వంగింది. కొంత వంపు మామూలే. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ళ మధ్య దారం బిగించి చూడండి, అది ఉత్తరంగానే పోతుంది, చదును మ్యాప్ మీదే మనకు వంకరగా కనిపిస్తుంది. మాది మాత్రం అంతకంటే పైకి పోయింది. కారణం గాలి. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ వీస్తుంటుంది, చలికాలంలో మరీ జోరు. దానికి ఎదురెళ్ళడం కంటే చుట్టు తిరగడమే నయమని అట్లాంటిక్ మీద దారుల్ని ఏ రోజుకారోజు గాలిని బట్టి గీస్తారు. అయినా సముద్రం మధ్యలో మా వేగం 750 దాటలేదు. ఎడమ కిటికీలో సూర్యుడు దిగీ దిగనట్టు అలాగే వేలాడుతున్నాడు, దారంతా పగలే, కునుకు పడితే ఒట్టు.

వారం తర్వాత తిరుగు ప్రయాణం. రాత్రి ఏడింటికి బయల్దేరాం, ఈసారి అదే గాలి వెనక నుంచి. మెలకువ వచ్చి చూస్తే తెర మీద 1,120! ఆ ఎత్తులో ధ్వని వేగం 1,060 చుట్టుపక్కల, మరి దాన్ని దాటేశామా అంటే లేదు, విమానం చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే మేం ఇంకా 900లోనే ఉన్నాం, ఆ గాలే మమ్మల్ని మోసుకుపోతోంది. (నిజంగా దాటింది కాంకార్డ్, ధ్వని కంటే వేగంగా పోయిన ప్రయాణికుల విమానం. 1996లో ఇదే దారిని 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో ముగించింది. మామూలు విమానాల్లో ఒక 747 కూడా 2020 ఫిబ్రవరి తుఫాను గాలుల్లో ఐదు గంటల లోపే వచ్చేసింది.)

మేం గాల్లో ఉన్నది ఐదు గంటల నలభై నిమిషాలు. ఏడింటికి దిగాల్సింది ఆరూ పదికే దిగాం, కానీ మా గేటులో ఇంకో విమానం ఉందట, పాతిక నిమిషాలు అక్కడే కూర్చోబెట్టారు.