ఉప్పు, కప్పురం: పిల్లలతో ఒక ఆటవెలది

ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్యపురుషులు వేరయా
విశ్వదాభిరామ వినుర వేమ

విదేశాల్లో పెరిగే పిల్లలకు కూడా ఈ వేమన పద్యం తేలిగ్గానే నోటికొస్తుంది. అర్థం ఒక్క ముక్కలో చెప్పేసి ముగించడంతోనే చెడుతుంది. ముందు నడక పట్టించండి.

గణమంటే అక్షరాల చిన్న గుంపు. ఆటవెలది అనే ఈ ఛందస్సులో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. లఘువుకు (పొట్టిగా పలికే అక్షరానికి) ఒక చప్పట, గురువుకు (సాగదీసో ఒత్తుకు ముందు బరువుగానో పలికేదానికి) రెండు వేయించండి. ఉప్పు, కప్పు, రంబు: మూడేసి. నొక్కపో, లికనుండు: అయిదేసి. గణం మాట మధ్యలో విరగొచ్చని ఇక్కడే తెలిసిపోతుంది. బడిలో హైకూ (అక్షరాలు లెక్కపెట్టి రాసే జపాను పొట్టి కవిత) నేర్చిన పిల్లలు అక్షరాలు లెక్కపెట్టి 13, 11, 14, 11 చూసి తికమకపడతారు. ‘చూడ’కు రెండక్షరాలు, ‘రుచుల’కు మూడు, మాత్రలు, అంటే చప్పట్ల లెక్క, మాత్రం రెంటికీ మూడే.

‘ఉప్పు’లో ‘ప్పు’ గురువనుకోవడం మామూలు పొరపాటు. ఒత్తు బరువు ముందున్న ‘ఉ’ మీద పడుతుంది. పద్యాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసివ్వకండి: ‘చూడ’ కాస్తా ‘చుడ’ అయి తాళం తప్పుతుంది.

యతి, అంటే పాదం మొదటి అక్షరానికి జతపడే అక్షరం, నాలుగో గణం మొదట ఉంటుంది. ‘నొక్క’లో నకారం సంధిలో చేరిందే, కాబట్టి అసలు జత ఉ–ఒ. రెండో పాదంలో చూ–జా కుదరవు. చూడ–జాడల్లో రెండో అక్షరం ‘డ’ కలిసింది గనుక అది ప్రాసయతి (మొదటి అక్షరాల బదులు రెండో అక్షరాలు జతపడేది). పదేళ్లలోపు వాళ్లకు ఇంత అక్కర్లేదు.

ఇక అర్థం. రుచి చూపిద్దామని కర్పూరం నాలుక మీద మాత్రం పెట్టకండి. కడుపులోకి వెళ్తే పిల్లలకు మూర్ఛ రావచ్చు. దూరం నుంచి వాసన చాలు. మొదటి రెండు పాదాలు పోలిక, మూడోది అసలు మాట. రెంటినీ ‘వలె’తో కలపలేదు, ‘వేరు’ మళ్లీ రావడమే ముడి. ‘చూడ చూడ’ అని రెండుసార్లు ఎందుకన్నాడో అడగండి: తేడా తొలిచూపులో దొరకదు. “అయితే ఉప్పు చెడ్డదా?” అని పిల్లలు ఎదురు అడిగితే తొందరపడి జవాబివ్వకండి. పద్యం ఆ మాట అనలేదు. కప్పురమే గొప్పదన్నది మనం చేర్చుకున్నది. మళ్లీ చదివించి, ఏ పాదంలో ఉందో చూపించమనండి.

మకుటాన్ని అర్థంలోకి లాగక్కర్లేదు. వేమన పద్యాల్లో చాలావాటికి చివరి పాదం అదే.