గరుడ వారధి కింద టీ తాగతా మామతో మాట్లాడిన జేవీ సంగతి

నిన్న సాయంత్రం చిత్తూరు నుంచి మా మామ వచ్చినాడు, లీలామహల్ సర్కిల్ దగ్గర ఫ్లైఓవర్ కింద టీ కొట్టుకాడ నిలబడినాం. మామది కాంట్రాక్టు పని, ఇరవై ఏళ్ల నుంచి కాలవలు, రోడ్లు, కల్వర్టులు, ఈమధ్య బెంగళూరు చెన్నై ఎక్స్‌ప్రెస్‌వేలో మన జిల్లా పక్క కొంచెం సబ్ కాంట్రాక్టు కూడా చేసినాడు. టీ సగం తాగినాక ఫోన్ తీసి ఒక పీడీఎఫ్ చూపించి, "అల్లుడా, ఒమన్ దేశం మస్కట్‌లో ఒకాయన జేవీ, అదే జాయింట్ వెంచర్, ఇద్దరం కలిసి పని చేసే పొత్తు పెట్టుకుందాం అంటా ఉండాడు, 60 మనది 40 ఆయనది, నువ్వు ఆ దేశాల్లో పని చేసొచ్చినోడివి కదా, సంతకం పెట్టేదా?" అని అడిగినాడు. ఆడనే అవుననో కాదనో చెప్పలేకపోయినా. రాత్రంతా అదే ఆలోచన, అందుకే ఇది రాస్తా ఉండా.

మేం నిలబడిన ఆ ఫ్లైఓవర్నే తీసుకోండి, గరుడ వారధి అనండి శ్రీనివాస సేతు అనండి, కట్టింది ఆఫ్‌కాన్స్. ఆ కంపెనీ పుట్టిందే ఒక భాగస్వామ్యంలో, 1959లో స్విట్జర్లాండ్ నుంచి రోడియో అనే ఫౌండేషన్ కంపెనీ, మన దేశంలోని హజరత్ అండ్ కంపెనీ చెయ్యి కలిపితే వచ్చింది. తర్వాత అదే ఆఫ్‌కాన్స్ ఆస్ట్రియా స్ట్రాబాగ్‌తో కలిసి రోహ్‌తాంగ్ కింద అటల్ టన్నెల్ తవ్వింది, రష్యా వాళ్ల ట్రాన్స్‌టన్నెల్‌స్ట్రాయ్‌తో కలిసి కోల్‌కతాలో హుగ్లీ నది అడుగున మెట్రో సొరంగం వేసింది, చీనాబ్ బ్రిడ్జికి కొరియా అల్ట్రా కంపెనీతో కలిసింది. అంటే బయటి దేశపోళ్లు మన ఇంటికొచ్చింది కూడా ఈ జేవీ వాకిట్లోనే. వాళ్లకి ఇక్కడి లేబర్, ఇక్కడి ఆఫీసులు, ఇక్కడి మట్టి తెలియదు, మనకి ఆ మిషన్లు, ఆ అనుభవం లేదు, టెండర్లో పీక్యూ, అంటే ముందుగా అర్హత చూసే మెట్టు, దాటాలంటే ఇద్దరి లెక్కలూ కలవాల్సిందే.

మామ ఇంకో మాటన్నాడు, "ఇప్పుడు ఆడ నూరు శాతం మనమే పెట్టుకోవచ్చంట కదరా, ఇంక పార్ట్‌నర్ ఎందుకు?" అని. మంచి ప్రశ్న. దుబాయ్ పక్క ఫ్రీ జోన్ (విదేశీ కంపెనీలకి వేరే రూళ్లుండే ప్రాంతం) బయట కంపెనీ పెట్టాలంటే 51 శాతం ఆ దేశపోళ్ల చేతిలో ఉండాలనే రూలు 2021 దాకా నడిచింది, ఒమన్‌లో 2020 జనవరి నుంచి కొత్త విదేశీ పెట్టుబడి చట్టం వచ్చి చాలా వ్యాపారాలకి ఆ అడ్డు పోయింది. చట్టం అడగలేదని అవసరం పోదు కదా. క్వారీ పర్మిషన్ ఎవరిస్తారు, కరెంటు లైన్ పక్కకి జరపాలంటే ఏ ఆఫీసుకి పోవాలి, బిల్లు ఎవరి టేబుల్ మీద ఆగింది, ఇవన్నీ చెప్పేది ఆ ఊరోడే. దోహా మెట్రో గోల్డ్ లైన్ కట్టిన జేవీ పేరు ఏఎల్‌వైఎస్‌జే, ఒక్కో అక్షరం ఒక్కో కంపెనీ: గ్రీసు ఆక్టర్, మన ఎల్ అండ్ టి, టర్కీ యాపీ మెర్కెజీ, ఎస్‌టీఎఫ్‌ఏ, చివరి జే ఖతార్ వాళ్ల అల్ జాబర్. అంత పెద్ద పెద్దోళ్లు కూడా లోకల్ కంపెనీని పక్కన పెట్టుకునే దిగినారు.

నా అనుభవం చెప్తా. గల్ఫ్‌లో నేను క్వాంటిటీ సర్వేయర్‌గా (పని కొలతలు, బిల్లుల లెక్క చూసేవాడిగా) చేసింది ఒక రోడ్డు జేవీలో, కంపెనీల పేర్లు వద్దు. మనోళ్లు 60, అక్కడోళ్లు 40. కాంక్రీట్ ప్లాంటు, కంకర వాళ్లు తేవాలి, అది కాగితం మీద ఉంది, ఎప్పటిలోగా తేవాలో లేదు. ప్లాంటు రాలేదు. మనోళ్లు బాడుగకి తెచ్చినారు, ఆ బాడుగ ఎవరి ఖాతాలో రాయాలని గొడవ మొదలైంది. జేవీ బోర్డులో ఇద్దరు వీళ్లు ఇద్దరు వాళ్లు, ఓట్లు రెండు రెండు, తేల్చేవాడు లేడు, నాలుగు నెలలు ఏ నిర్ణయమూ జరగలా. మాకు మూడు నెలల జీతం ఆగిపోయింది, ఇక్కడ తిరుపతిలో ఇంటి ఈఎంఐ మా ఆవిడ గాజులు కుదవ పెట్టి కట్టింది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటాది.

అందుకే మామకి గట్టిగా చెప్పింది ఒకటుంది. ఈ 60, 40 అనేది మన ఇద్దరి మధ్య లెక్క మాత్రమే. ఫిడిక్ అని చాలా దేశాల్లో కట్టడం పనులకి వాడే నమూనా కాంట్రాక్టులు ఉంటాయి, వాటిల్లో, 1999 రెడ్ బుక్ అయితే 1.14 క్లాజు, జేవీలో ఉన్నోళ్లందరూ ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు. అంటే 40 వాడు చేతులెత్తేస్తే పని ఇచ్చినోడు నూరు శాతం నిన్నే అడగతాడు, నీ తరపున బ్యాంకు పూచీగా ఇచ్చిన గ్యారంటీనే పట్టుకుంటాడు, చిత్తూరులో నువ్వు బ్యాంకుకి రాసిచ్చిన ఇల్లు, పొలం దాకా వస్తాది. వాడిని తీసేసి ఇంకొకణ్ని పెట్టుకుందామన్నా పని ఇచ్చినోడు ఒప్పుకోవాల.

మన తెలుగోళ్ల కంపెనీ జీఎంఆర్ కథ చూసినా పార్ట్‌నర్ విలువ తెలస్తాది. ఫిలిప్పీన్స్‌లో సెబూ ఎయిర్‌పోర్టు 2014లో దక్కింది, అప్పటి అక్కడి రూల్ ప్రకారం విదేశీ వాటా 40 దాటకూడదు, అందుకని 60 మెగావైడ్‌ది. ఆ మెగావైడ్ ఉత్త పేరుకి కూర్చున్నోళ్లు కాదు, స్వయంగా కట్టే కంపెనీ, 2018లో చెక్క ఆర్చిల కప్పుతో కొత్త టెర్మినల్ తెరిచినారు. మాల్దీవుల మాలేలో 2010లో తీసుకున్న ఎయిర్‌పోర్టులో జీఎంఆర్‌కి 77, మలేషియా ఎయిర్‌పోర్ట్స్‌కి 23, ఇద్దరూ ఆ దేశానికి బయటోళ్లే. 2012లో అక్కడ ప్రభుత్వం రద్దు చేసింది, ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తుల తీర్పులో) గెలిచి దాదాపు 27 కోట్ల డాలర్లు వసూలు చేసుకునేసరికి 2016 వచ్చింది. అక్కడ రాజకీయం వేరే, లోకల్ పార్ట్‌నర్ ఉండుంటే ఆగేదని నేను అనను. కాకపోతే నాలుగేళ్లు కేసు నడిపే శక్తి జీఎంఆర్‌కి ఉంది, మా మామకి నాలుగు నెలలు కూడా లేదు.

పొద్దున్నే మామకి ఫోన్ చేసినా. ఆ పీడీఎఫ్‌లో 11 పేజీలు ఉంటే లాభం పంచుకునే దానికి రెండు పేజీలు, పని మధ్యలో డబ్బు చాలకపోతే ఎవరెంత, ఎన్ని రోజుల్లో వెయ్యాలో ఒక్క లైన్ లేదు, ఓట్లు సమానమైతే ఎవరు తేలస్తారో లేదు, ఆయన ఏ మిషన్లు తెస్తాడో "అవసరమైనవి" అని ఒక్క మాట. ఇవి రాయించుకో, అంతకంటే ముందు టికెట్ కొనుక్కుని పోయి ఆయన ఇప్పుడు చేస్తా ఉండే సైటు చూడు మామా, మిషన్లు ఆయనవా బాడుగవా అడుగు, లేబర్ క్యాంపులో జీతాలు టయానికి వస్తా ఉండాయా మనోళ్లనే అడుగు అని చెప్పినా.

కాసేపు ఏం మాట్లాడలా. "పాస్‌పోర్ట్ అయిపోయింది అల్లుడా, రెన్యువల్‌కి ఏడికి పోవాల?" అన్నాడు. సోమవారం నేనే తీసకపోతా అన్నా.