ముందు దిగాలి, తర్వాత ఎక్కాలి

సిడ్నీలో ఉండే తెలుగువాళ్ళని బ్లూ మౌంటెన్స్ చూశారా అని అడగండి, చూడకేం అంటారు. ఇండియా నుంచి ఎవరొచ్చినా మొదటి శనివారం తీసుకెళ్ళేది అక్కడికే. కటూంబాలో త్రీ సిస్టర్స్ అనే మూడు రాతి శిఖరాలు వెనకాల కనపడేలా ఒక ఫోటో, సీనిక్ వరల్డ్‌లో 52 డిగ్రీల వాలు మీద దిగే ఆ చిన్న రైలు, పార్కు బెంచీ మీద పులిహోర, చీకటి పడేలోపు ఇంటికి. మేమూ చాలా ఏళ్ళు అంతే చేశాం. కొండలంటే రెయిలింగ్ ఇవతల నిలబడి చూసేవి. అవతల మెట్లున్నాయని, వాటి మీద జనం దిగి వెళ్తుంటారని తెలుసు. అది మనలాంటివాళ్ళ పని కాదనుకున్నాం.

మా పెద్దది తొమ్మిదో క్లాసులో డ్యూక్ ఆఫ్ ఎడిన్‌బరో అవార్డుకి పేరిచ్చేదాకా మాట. పద్నాలుగేళ్ళు నిండిన పిల్లలకి ఇక్కడ చాలా స్కూళ్ళలో ఉంటుంది. సేవ, ఒక విద్య, వ్యాయామం, వీటితోపాటు ఒక సాహసయాత్ర. బ్రాంజ్ స్థాయికి రెండు పగళ్ళు, ఒక రాత్రి, సొంత సామాను సొంత వీపు మీద. "ముందు మనం ఒక డే వాక్ చేద్దాం, నాకు ప్రాక్టీస్ అవుతుంది" అని బ్లాక్‌హీత్‌లోని గ్రాండ్ కాన్యన్ దారి ఎంచుకుంది. గ్రాండ్ కాన్యన్ అమెరికాలో కదా ఉంది అని మా ఆయన జోకు వేశారు. ఎవరూ నవ్వలేదు.

ఆరు కిలోమీటర్ల లూప్. చదునైన రోడ్డు మీదయితే గంటంబావు. ఇక్కడ మూడున్నర నుంచి నాలుగు గంటలు పడుతుందని నేషనల్ పార్క్స్ వాళ్ళే చెప్తారు. 1907లో కట్టిన దారి. నీట్స్ గ్లెన్ దగ్గర మొదలై, రాతిమెట్ల మీద లోయలోకి దిగి, గ్రీవ్స్ క్రీక్ వెంట నడిచి, రెండో వైపు ఎవాన్స్ లుకౌట్‌కి ఎక్కి తేలుతుంది.

మా ఇంట్లో టెన్షన్ అసలు వారం ముందే మొదలైంది. 2022 ఏప్రిల్‌లో ఈ కొండల్లోనే వెంట్‌వర్త్ పాస్ దగ్గర చరియ విరిగిపడి, సెలవులకి వచ్చిన బ్రిటిష్ కుటుంబంలో తండ్రీ కొడుకూ చనిపోయారు. ఆ వార్త మా ఆయన మర్చిపోలేదు. పాములు, జారుడు రాళ్ళు, లోపల ఫోన్ సిగ్నల్ ఉండదు, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయారు. పెద్దది అన్నీ విని, "అందుకే కదా నాన్నా ట్రెక్ అనేది" అంది. ఇక్కడి పోలీసులు, నేషనల్ పార్క్స్ వాళ్ళు నడకకి వెళ్ళేవాళ్ళకి ఇంగ్లీషులో చెప్పే నాలుగు మాటల్లోంచి ఒక్కో మొదటి అక్షరం తీసి కూర్చిన పేరు అది. సరిపడా తిండి, నీళ్ళు పెట్టుకో. వెళ్ళే దారి నమోదు చెయ్యి. బీకన్ తీసుకెళ్ళు. చెప్పిన దారి తప్పకు.

ఆ బీకన్ సంగతి నాకు అప్పటిదాకా తెలీదు. అరచేతిలో పట్టే పరికరం. బటన్ నొక్కితే శాటిలైట్ ద్వారా కాన్‌బెర్రాలోని రెస్క్యూ కేంద్రానికి సంకేతం వెళ్తుంది. బ్లాక్‌హీత్‌లో హెరిటేజ్ సెంటర్‌కి వెళ్ళి అడిగితే ఊరికే ఇస్తారు, తిరిగొచ్చాక ఇచ్చెయ్యాలి. వర్షాలు పడితే దారులు మూసేస్తుంటారు కాబట్టి, ఆ రోజు తెరిచి ఉందో లేదో వెబ్‌సైట్లో చూసుకోవాలి. ఇదంతా పెద్దదే చేసింది. ఎన్నింటికి బయల్దేరతాం, ఎన్నింటికి బయటపడతాం, వేసుకున్న బట్టల రంగేంటి, అన్నీ ఫారంలో నింపింది.

మాది కోనసీమ. ఇంటి ముందు కాలవ. కాలవలో పడిపోయిన పిల్లల కథలు వింటూనే పెరిగాను. కాలవ దగ్గరికి వెళ్ళొద్దని చెప్పనివాళ్ళు లేరు, ఈత నేర్పినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు, ఆడపిల్లలకైతే అసలే లేరు. నాకు ఇప్పటికీ ఈత రాదు. ఇక్కడ నా పిల్లలిద్దరూ చదవడం రాకముందే ఈత నేర్చుకున్నారు. కొండల విషయంలోనూ ఇదే వరస. మన జాగ్రత్త వద్దంటుంది, వీళ్ళది చెప్పి వెళ్ళమంటుంది. రెండూ ప్రేమతో చెప్పేవే, కాదనను. అయితే అడవి పక్కనే ఉన్న దేశంలో పిల్లల్ని పెంచుతున్నప్పుడు రెండోదే పనికొస్తుందని నా అభిప్రాయం. ఇక్కడ పెరిగే పిల్ల ఏదో ఒక రోజు రెయిలింగ్ దాటుతుంది. మనకి చెప్పి దాటితే మంచిది.

మా అత్తయ్య అప్పుడు మాతోనే ఉన్నారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. అందుకని ఆవిడా మా ఆయనా కారులో ఎవాన్స్ లుకౌట్ దగ్గర కూర్చునేటట్టు, నేను పిల్లలిద్దర్నీ తీసుకుని దిగేటట్టు ఏర్పాటు. తీసుకుని అన్నాను గానీ, తీసుకెళ్ళింది పెద్దదే.

దిగుతుంటేనే చలి తగులుతుంది. పైన ఎండకి ఎండిన యూకలిప్టస్ అడవి, కింద ఇంకో లోకం. మనిషికి రెండింతల ఎత్తు చెట్టు ఫెర్న్‌లు, కోచ్‌వుడ్ చెట్లు, నాచు పట్టి పచ్చగా మారిన ఇసుకరాతి గోడలు. ఒకచోట దారి రాతి సొరంగంలోంచి వెళ్తుంది. ఇంకోచోట కొండ చూరు కింద వంగి నడవాలి, పక్కన ఎక్కడో లోతున వాగు చప్పుడు వినపడుతుంది గానీ నీళ్ళు కనపడవు. చిన్నోడు అరిచి ప్రతిధ్వని వినాలని తెగ సరదాపడ్డాడు. ఒక లైర్‌బర్డ్ మమ్మల్ని లెక్కచెయ్యకుండా దారి పక్కన ఆకులు చిమ్ముకుంటూ తన పని చూసుకుంటోంది.

నాకు కొండ అంటే తిరుమల. అలిపిరి దారిలో 3550 మెట్లు, శ్రీవారి మెట్టులో 2388. ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే ఎక్కుతాం, కాళ్ళు పోయేసరికి పైన ఉంటాం, దర్శనమవుతుంది. ఈ దారి తిరగేసి ఉంటుంది. ముందు హాయిగా దిగిపోతాం. ఎక్కడం మొత్తం చివరికి, అలసిపోయాక మిగులుతుంది. ఎక్కలేకపోతే అక్కడే వెనక్కి తిరిగి ఇంటికి పోయే వీలూ లేదు. అందుకే కింద రాయి మీద కూర్చుని తినేటప్పుడు పెద్దది అందరి నీళ్ళ సీసాలూ ఎత్తి చూసింది. నా సీసా సగం పైనే ఉంటే, "అమ్మా, దాచుకోవడం కాదు, తాగు" అంది. నేను దానికి పాలసీసా పట్టే రోజుల్లో వాడిన గొంతే.

ఎక్కేటప్పుడు చిన్నోణ్ణి ముందు నడిపించింది. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళే ముందుండాలట, మిగతావాళ్ళు వాళ్ళ అడుగుని బట్టి నడవాలట. మా ఇళ్ళలో ఎక్కడికి వెళ్ళినా నాన్న పది గజాలు ముందు, వెనక సంచులతో అమ్మ, మధ్యలో ఎక్కడో పిల్లలు. ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. సగం ఎక్కాక వాడు మెట్టు మీద చతికిలబడి రానన్నాడు. నాకేం తోచక, "ఏడుకొండలవాడా, వెంకటరమణా" అన్నాను. వాడు "గోవిందా గోవిందా" అని లోయంతా దద్దరిల్లేలా అరిచి లేచాడు. ఎదురుగా దిగుతున్న ముసలి దంపతులు నవ్వి, గుడ్ ఆన్ యూ మేట్ అన్నారు. పెద్దది టోపీ కిందికి లాక్కుని, "అమ్మా, ప్లీజ్, ఇక్కడ వద్దు" అని గొణిగింది. ఇంట్లో దీపం పెట్టమంటే పెడుతుంది, హెలెన్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్తే వస్తుంది. అడవిలో తెల్లవాళ్ళ ముందు గోవిందా మాత్రం వద్దు. చిన్నోడు ఆపలేదు, నేనూ ఆపమనలేదు.

పైన అత్తయ్య బెంచీ మీద కూర్చుని ఒక ఆకు నలిపి వాసన చూస్తున్నారు. "ఇదేంటే, మన జామాయిలే కదా! ఇంత దూరం ఎలా తెచ్చారో" అన్నారు. పెద్దది నీళ్ళు తాగుతూ, "లేదు నాయనమ్మా, ఇది మాదే. మీరే ఇక్కణ్ణించి పట్టుకెళ్ళారు" అంది. నిజమే, జామాయిలు ఇక్కణ్ణించి మన దగ్గరికి వచ్చిందే, సరుగుడు కూడా బయటినుంచి వచ్చిందే. అత్తయ్య నమ్మలేదు. సరుగుడు తోట నీడన పెరిగిన మనిషి, అది పరాయి చెట్టంటే ఎలా నమ్ముతారు. నాకేమో చెట్ల సంగతి వినపడలేదు, మాదే అన్నది వినపడింది. అది ఆలోచించి అన్న మాట కాదు. అలవోకగా వచ్చింది కాబట్టే అదే దాని లెక్క అనుకున్నాను. గుండెల్లో చిన్న కలుక్కు, ఆ వెంటనే ఒక నిశ్చింత కూడా. ఏ దేశమూ మాది అనుకోలేని పిల్లని పెంచడం ఇంకా కష్టం.

ఆ తర్వాత అత్తయ్య వంతు వచ్చింది. చిన్నోడి మేజోడు మీద రక్తం, లోపల జలగ. వాడు కెవ్వుమన్నాడు, మా ఆయన ఫోన్ తీసి వెతకడం మొదలెట్టారు. అత్తయ్య మాత్రం, "జలగేరా, దానికింత గోలెందుకు" అని వాడి కాలు ఒళ్ళోకి లాక్కుని, నోటి దగ్గర గోరు జొనిపి ఊడదీసి అవతల పారేశారు. ఊడ్పుల రోజుల్లో ఎన్ని జలగలు పీకుంటారో. ఫస్ట్ ఎయిడ్ క్లాసులో ఇలాగే నేర్పారని పెద్దది ఆశ్చర్యపోయి, ఎక్కడ నేర్చుకున్నావు నాయనమ్మా అని అడిగింది. వరిచేలో అన్నారు ఆవిడ.

లుకౌట్ కింద పరుచుకున్నది గ్రోస్ వ్యాలీ. ఆ లోయ అడుగున బ్లూ గమ్ ఫారెస్ట్ ఉంది. అక్కడ చెట్లు కొట్టి వాల్‌నట్ తోట వెయ్యాలని ఒకతను లీజు తీసుకున్నాడు. 1931 ఈస్టర్‌కి అక్కడ గుడారాలేసుకున్న నడక క్లబ్బులవాళ్ళకి ఆ సంగతి తెలిసింది. ఆర్థికమాంద్యం రోజుల్లో 130 పౌండ్లు పోగుచేసి అతని చేత లీజు వదిలించారు. ఈ కథ పెద్దదే చెప్పింది. అంతకుముందు ఎన్నో వేల ఏళ్ళుగా ఇవి దారుగ్, గుండుంగర్రా ప్రజల నేలలని కూడా చెప్పింది. ఏ కొండకి వెళ్ళినా స్థలపురాణం అడిగే అత్తయ్య ఈసారి మనవరాలి నోట విన్నారు.

ఇప్పుడు ఇంట్లో నడుస్తున్న గొడవ వేరు. స్కూల్ క్యాంపు అయిపోయింది, క్షేమంగా వచ్చింది. ఇక పెద్దవాళ్ళు లేకుండా స్నేహితులతోనే వెళ్తానంటోంది. పద్ధెనిమిది నిండాక చూద్దాం అంటారు మా ఆయన. పదహారు చాలంటుంది అది. నేను వయసు దగ్గర బేరమాడట్లేదు. బీకన్ ఉండాలి, దారి ముందే రాసివ్వాలి, వెళ్ళే పిల్లల అమ్మల ఫోన్ నంబర్లు నాకు కావాలి అన్నాను. మొదటి రెండింటికీ సరే అంది. మూడోది సిగ్గుచేటట, ఇక్కడ ఎవరూ అలా అడగరట. నంబర్లు ఇంకా రాలేదు.