మోంటానా నీలం: టేబుల్ మీద గీతలు ఇంకా పోలేదు

నేను చెక్కుతున్న నీలం రాయి టేబుల్ (పైనున్న చదునైన పెద్ద ముఖం) ఈ వారాంతం కూడా పాలిష్‌కి లొంగలేదు. పెవిలియన్ (కింది భాగం) 41 డిగ్రీల దగ్గర, క్రౌన్ (పై భాగం) 34 దగ్గర, రెండూ శుభ్రంగా వచ్చేశాయి. వాటి గురించి చెప్పడానికేం లేదు. 3.6 మి.మీ. వెడల్పున్న ఒక్క ముఖం మాత్రం నన్ను తినేస్తోంది.

రాయి అమెరికాలో మిజూరీ నది గులకల్లో దొరికే మోంటానా నీలం. రఫ్ (చెక్కని రాయి) 3.3 క్యారెట్లు, 7.8 × 7.1 × 4.6 మి.మీ., ఆరు పలకల బిళ్ళ. పక్కనుంచి చూస్తే పచ్చ ఛాయ, బిళ్ళ ముఖంలోంచి చూస్తే మంచి నీలి. రాయిలోని రెండు రంగుల్ని విడివిడిగా చూపించే డైక్రోస్కోప్ కూడా అదే చెప్పింది. రంగు కోసమైనా బరువు కోసమైనా టేబుల్‌ని బిళ్ళ ముఖానికి సమాంతరంగా పెట్టడమే లాభం. అలాగే పెట్టాను. అంటే టేబుల్ సి అక్షానికి (స్ఫటికం నిలువు అక్షం) సరిగ్గా లంబంగా కూర్చుంది. తిప్పలన్నీ అక్కడినుంచే అని ఇప్పుడు నా అనుమానం.

3,000 గ్రిట్ లాప్ (రాయిని సానపట్టే తిరిగే పళ్ళెం) మీద ప్రీపాలిష్ బాగానే వచ్చింది. తర్వాత బాట్ అనే రకం లాప్ మీద 60,000 గ్రిట్ డైమండ్ పొడి. అంచులు మెరిశాయి కానీ మధ్యనుంచి ఒక పక్కకి 1.2 మి.మీ. పట్టీలో సన్న గీతలు మిగిలాయి. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి నేరుగా చూస్తే కనపడవు. ట్యూబ్‌లైట్ ప్రతిబింబాన్ని టేబుల్ మీదికి తెచ్చి రాయిని మెల్లిగా వంచితే, ఆ తెల్లటి చార అంచు పట్టీ దగ్గరికి రాగానే దువ్వెన పళ్ళలా చీలిపోతుంది.

మొదట దుమ్మునే అనుమానించాను. రాయి, డాప్ (రాయిని అంటించి పట్టుకునే కడ్డీ), చేతులు అన్నీ కడిగి, అల్ట్రాసోనిక్‌లో పెట్టి, వేరే లాప్‌కి కొత్తగా డైమండ్ పట్టించా. అదే పట్టీ. స్పీడు 300 ఆర్‌పీఎం నుంచి 100కి దించితే గీతలు పొట్టివయ్యాయి, పోలేదు. నూనె తగ్గిస్తే రాయి పట్టేస్తోంది, పెంచితే తేలిపోయి అంచులు గుండ్రబడుతున్నాయి.

అసలు ఆధారం మోటార్ వెనక్కి తిప్పినప్పుడు దొరికింది. ఒక వైపు తిరిగితే మెత్తటి బుసబుస, రెండో వైపు పొడి కీచు. లాప్ మీద రాయిని ఎడమకి, కుడికి మార్చి చూశా. దుమ్ము గీతలైతే సాన నడిచిన దిక్కునే పడాలి. ఇవి ఎటు నడిపినా రాయిలో ఒకే దిక్కున ఉన్నాయి. 40 రెట్లలో చూస్తే కొన్ని గీతల చివర చిన్న గుంట కూడా ఉంది. నీలం కురువింద ఖనిజమే, దానికి క్లీవేజ్ (సాఫీగా చీలే గుణం) లేకపోయినా టేబుల్ ఉన్న ఈ తలానికి సమాంతరంగా పొరలుగా విడిపోయే గుణం ఉంది. పైపొర నుంచి నలుసులు ఊడుతున్నాయేమో. ఇది ఊహే, కానీ గుంటలకి ఇంతకంటే మంచి కారణం నాకు తట్టలేదు.

ఎక్కువ ఫలితం ఇచ్చింది సెరామిక్ లాప్, 100,000 డైమండ్. పట్టీ 1.2 నుంచి 0.4 మి.మీ.కి తగ్గింది. సెరామిక్ ఖరీదు ఎక్కువ, మచ్చిక కావడానికి టైం పడుతుంది, అయినా నీలానికి అదే నయం. ఫైనల్ పాలిష్ కూడా రాగి మీదే చేయమనే సలహా మాత్రం నాకు ఎక్కదు.

అమ్మకి ఫోన్‌లో చెబితే, "నీలం అందరికీ పడదురా, ముందు మూడు రాత్రులు దిండు కింద పెట్టుకుని చూడు" అంది. ముందు టేబుల్ పడనీ అమ్మా అన్నాను.

ఈ పనిలో పండిన వాళ్ళు టేబుల్‌ని సి అక్షానికి సరిగ్గా లంబంగా పెట్టకుండా 5-10 డిగ్రీలు పక్కకి వంచమంటారు. ఇప్పుడు వంచితే లెక్క ఇదీ: 3.6 మి.మీ. మీద 8 డిగ్రీలంటే ఒక పక్క 0.5 మి.మీ. దిగాలి. క్రౌన్ ఎత్తే 0.91. అంటే క్రౌన్ మొత్తం మళ్ళీ కోయాలి. ప్రస్తుతం రాయి 6.3 మి.మీ., 1.10 క్యారెట్లు. తిరిగి కోస్తే 1 క్యారెట్ కిందికి పడిపోతుంది, ఆ హద్దు దాటితే ఒక్కో క్యారెట్ ధర కూడా దిగుతుంది. ఇలా పచ్చ ఛాయ కలిసిన నీలి (టీల్) రంగుకి ఇప్పుడు పెళ్ళి ఉంగరాల్లో గిరాకీ ఉంది కాబట్టి ఆ ఒక్క క్యారెట్‌ని వదులుకోబుద్ధి కావట్లేదు. ఆ 0.4 పట్టీని సెరామిక్ మీదే తగ్గిస్తా, ఆగిపోతే అలాగే ఉంచేస్తా.

తర్వాతి బిళ్ళని మొదటే 8 డిగ్రీలు వంచి డాప్ చేస్తా. జిగురు కాదు, మైనమే. వేడి చేసి సర్దుకోవచ్చు. మోంటానాలోనే దొరికే యోగో నీలం చిక్కితే ఇంకా ఇష్టం, కాల్చకుండానే ఆ నీలి వస్తుంది. కానీ అవీ పల్చటి బిళ్ళలే, చెక్కాక 1 క్యారెట్ దాటడం అరుదు, ధర నా చేతికి అందదు. అందుకే సిలోన్ రఫ్ ఒకటి చూస్తున్నా. అది రెండు కొసలూ మొనదేలిన స్ఫటికం, రంగు ఒక మూలనే చిక్కగా ఉంది. ఆ మూలని క్యూలెట్ (రాయి అడుగు మొన) దగ్గరికి తెస్తే పైనుంచి రాయంతా నీలంగా కనిపించాలి. ఈసారి టేబుల్ సి అక్షానికి లంబంగా రాదు, కాబట్టి పాలిష్ తేడా కూడా తెలిసిపోతుంది.