టి.ఎల్.ఇ. వచ్చిందని భాష మార్చే ముందు

విజయనగరంలో ఇంజినీరింగ్ విద్యార్థులకు సాయంత్రాలు కోడింగ్ పోటీల పాఠాలు చెబుతుంటాను. పైథాన్ కోడ్‌కు టి.ఎల్.ఇ. (టైమ్ లిమిట్ ఎక్సీడెడ్, అంటే ఇచ్చిన గడువులో కోడ్ ముగియలేదు) వచ్చింది, సీ ప్లస్ ప్లస్‌కు మారిపోవాలా అని వారు తరచుగా అడుగుతుంటారు. మారమనే చెబుతాను గానీ, ముందుగా ప్రశ్నలో ఎన్ విలువ, అంటే కోడ్‌కు ఇచ్చే అంశాల సంఖ్య, ఎంత ఇచ్చారో చూడమంటాను. ఎన్ 2 లక్షలు ఉన్నచోట లూప్‌లో లూప్ పెడితే 4,000 కోట్ల అడుగులవుతాయి. రెండు సెకన్ల గడువులో దానిని సీ ప్లస్ ప్లస్ కూడా గట్టెక్కించలేదు. అదే లెక్కను సార్టింగ్ (క్రమంలో పేర్చడం), బైనరీ సెర్చ్ (ప్రతిసారీ సగం వదిలేస్తూ వెతకడం)లతో చేయగలిగితే దాదాపు 36 లక్షల అడుగుల్లో తేలిపోతుంది, అది పైథాన్‌కూ బరువు కాదు. భాష నిజంగా ఫలితాన్ని మార్చేది ఈ రెండింటి నడుమనే. ఎన్ 5,000 ఉండి, 2.5 కోట్ల అడుగులు తప్పని డైనమిక్ ప్రోగ్రామింగ్ (చిన్న జవాబులను దాచుకుంటూ పెద్ద జవాబు కట్టే పద్ధతి) ప్రశ్నను సీ ప్లస్ ప్లస్ సెకను లోపే ముగిస్తుంది. మామూలు పైథాన్‌కు గడువు చాలదు.

వేగం సంగతి అలా ఉంచితే, సీ ప్లస్ ప్లస్‌లో విలువలను ఎప్పుడూ క్రమంలోనే ఉంచే సెట్, మ్యాప్ అనే నిర్మాణాలు ప్రామాణిక లైబ్రరీలోనే దొరుకుతాయి. జావాలో అటువంటిదే ట్రీమ్యాప్ ఉంది. పైథాన్‌లో అన్నిటికన్నా చిన్న విలువను వెంటనే ఇచ్చే హీప్‌క్యూ ఉంది గానీ అటువంటి సెట్ లేదు, మనమే రాసుకోవాలి. పాఠశాల విద్యార్థుల అంతర్జాతీయ ఇన్ఫర్మేటిక్స్ (కోడింగ్) ఒలింపియాడ్‌లో ఒకప్పుడు పాస్కల్, ఆ తర్వాత జావా కూడా ఉండేవి. ఇప్పుడు సీ ప్లస్ ప్లస్ ఒక్కటే మిగిలింది.

అలాగని దానిని నెత్తిన పెట్టుకోనక్కరలేదు. ఒక్కొక్కటి 100 కోట్ల వరకు ఉండే 2 లక్షల సంఖ్యలను కూడితే ఆ మొత్తం సీ ప్లస్ ప్లస్‌లో పూర్ణాంకాలకు మామూలుగా వాడే ఇంట్ రకంలో పట్టదు, ఎందుకంటే ఇంట్ గరిష్ఠ విలువ 2147483647 మాత్రమే. కంపైలర్ నోరు మెదపదు, చిన్న ఉదాహరణలన్నీ సరిగ్గానే వస్తాయి, సబ్మిట్ చేశాక మాత్రం రాంగ్ ఆన్సర్ అని ఎర్రగా కనిపిస్తుంది. ఇంట్ బదులు పెద్ద సంఖ్యలు పట్టే లాంగ్ లాంగ్ అని రాస్తే సరిపోయే ఈ తప్పును వెతకడానికి పిల్లలు గంటలు పోగొట్టుకుంటారు. పైథాన్ వాడేవారికి ఈ బాధే లేదు.

కళాశాల జట్ల అంతర్జాతీయ కోడింగ్ పోటీ ఐ.సి.పి.సి.లో ముగ్గురికి కలిపి ఇచ్చేది ఒకే కంప్యూటర్, ఐదు గంటల సమయం. చివరకు సాధించిన ప్రశ్నకు అంతకుముందు పంపిన ప్రతి తప్పు కోడ్‌కూ 20 నిమిషాల జరిమానా పడుతుంది. కాబట్టి ఒకరి కోడ్‌ను కాగితంపై ఇంకొకరు చదివి తప్పు పట్టగలగాలి. ముగ్గురూ మూడు భాషల్లో రాస్తే అది సాగదు. అందుకే నా దగ్గర జట్టు కట్టేవారిని ముందు ఒక భాషకు కట్టుబడమంటాను. అది జావా అయినా నాకు అభ్యంతరం లేదు.