రెండున్నర గంటల తేడా, పదిహేను సెకన్ల పాట

నా ఫోన్‌లో పదిహేను సెకన్ల వీడియో ఒకటి ఉంది. అందులో తెర నిలువుగా రెండు సగాలై ఉంటుంది. ఒక సగంలో, రాజోలు దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో పెంకుటింటి అరుగు మీద కూర్చున్న మా చెల్లి, ఏదో పాత సినిమాలోని అత్తాకోడళ్ళ తగవులో కోడలి మాటలకు పెదవులు కదుపుతూ ఉంటుంది. రెండో సగంలో, కువైట్‌లో ఒక పెద్ద ఇంటి మేడ మీది చిన్న గదిలో, మడత పెట్టవలసిన దుప్పట్ల గుట్ట ముందు నిలబడిన మా పిన్ని అత్త మాటలను అందుకుంటుంది. టిక్‌టాక్ ముద్ర ఒకసారి పై మూలన, మరొకసారి కింది మూలన గెంతుతూ కనిపిస్తుంది. ఇది 2020 మే నెలలో చేసినది. చెల్లి అంటే ఆ పిన్ని కూతురే. దీనిని చూసినవారు మొత్తం మీద నలభై మందికి మించి ఉండరు.

టిక్‌టాక్ మాట వస్తే మనవాళ్ళు ఇప్పటికీ రెండు రకాల మనుషుల గురించే చెబుతారు: రాత్రికి రాత్రి పేరు తెచ్చుకున్నవారు ఒక రకం, ఉన్న పరువు పోగొట్టుకున్నవారు రెండో రకం. మా ఇంట్లో నేను చూసిన వాడకం ఈ రెండింటిలో దేనికీ చెందదు. అంత వేగంగా పెరిగిన వేదిక మీద అత్యధికులు చేసిన పని మా పిన్ని చేసినటువంటిదేనని నా అనుమానం. పిన్నిని అడిగి, ఊరి పేరు రాయనని మాట ఇచ్చి, ఇది రాస్తున్నాను.

అది పెరిగిన తీరు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. షాంఘైలో 2014లో పుట్టిన మ్యూజికల్.లీ అనే యాప్‌ను బైట్‌డాన్స్ అనే చైనా సంస్థ 2017 నవంబరులో కొనుగోలు చేసి, 2018 ఆగస్టు 2న తన టిక్‌టాక్‌లో కలిపివేసింది. అంతకు రెండేళ్ళ ముందు, 2016 సెప్టెంబరులో, జియో రావడంతో మన దేశంలో డేటా ధర నేలకు దిగి ఉంది. 2020 ఏప్రిల్ నాటికి టిక్‌టాక్ డౌన్‌లోడ్లు ప్రపంచమంతటా 200 కోట్లు దాటాయని, అందులో దాదాపు 30 శాతం భారతదేశానివేనని సెన్సర్ టవర్ సంస్థ లెక్క కట్టింది. ఆ లెక్కలో మా కుటుంబం వాటా అయిదు.

పిన్ని ఏడో తరగతి వరకు చదువుకుంది. పత్రిక చదువుతుంది, బస్సు మీది బోర్డు చదువుతుంది, కాని ఫోన్‌లో తెలుగు టైపు చేయడం ఆమెకు పెద్ద పని. ఒత్తు ఎక్కడ ఉందో వెతుక్కునేలోగా చెప్పదలచుకున్నది మరచిపోతానని నవ్వుతూ అనేది. ఎవరో తెరిచి ఇచ్చిన ఫేస్‌బుక్ ఖాతా ఒకటి ఆమెకు ఉండేది. అందులో ఆమె అందరి ఫొటోలకూ లైక్ కొట్టడం తప్ప ఏనాడూ ఒక్క ముక్క రాయలేదు. ఫేస్‌బుక్ తెరవగానే నీకు ఎవరెవరు తెలుసు అని అడుగుతుంది, నీ మనసులో ఏముంది అని అడుగుతుంది. ఈ రెండో ప్రశ్నకు రాతలో జవాబు చెప్పగలిగినవారికే అక్కడ నోరు ఉంటుంది. టిక్‌టాక్ అటువంటిదేమీ అడగలేదు. తెరవగానే ఒక వీడియో ఆడేది. మనం దాన్ని చివరిదాకా చూశామా, రెండోసారి చూశామా, మధ్యలోనే పైకి తోసేశామా అన్నదానిని బట్టి తరువాతి వీడియో వచ్చేది. ఎవరినీ అనుసరించకపోయినా, ఎవరూ తెలియకపోయినా, వేలితో తోయడం తెలిస్తే చాలు, రెండు రోజుల్లో అది మనిషి రుచిని పట్టేసేది.

అయితే చూడడం వేరు, చేయడం వేరు. పిన్నిలాంటివారి చేత చేయించినది అక్కడ దొరికే 'సౌండ్' అని నేను అనుకుంటాను. వీడియోలో కుడివైపు కింద గుండ్రంగా తిరిగే చిన్న పళ్ళెం ఒకటి ఉండేది. దానిని నొక్కితే అదే పాటకు, అదే డైలాగుకు ఎవరెవరు ఏమేమి చేశారో వరుసగా కనిపించేవి, కింద మనం కూడా చేయడానికి మీట ఉండేది. అంటే కొత్తగా చేరినవారు మాట్లాడవలసిన మాట ముందే సిద్ధంగా ఉంది, దానిని అభినయించడమే తరువాయి. తోలుబొమ్మలాటలో బొమ్మకు ఆటగాడు గొంతు ఇస్తాడు. ఇక్కడ ఎవరిదో గొంతుకు మనిషే బొమ్మ అయ్యాడు. మన తెలుగువాళ్ళకు ఇది కొత్త విద్యేమీ కాదు. పౌరాణిక నాటకాల పద్యాలను రాగం తీసి పాడుకుంటూ చేలో పని చేసిన తాతలు మా ఊళ్ళో ఉండేవారు. సినిమా మాటలు సరేసరి, పెళ్ళి భోజనాల బంతిలో ఒకరు సగం అంటే ఎదురుగా కూర్చున్నవారు మిగిలిన సగం పూర్తి చేస్తారు. ఆ కంఠస్థపు నిధికి టిక్‌టాక్ ఒక అద్దం తగిలించింది. ముందు నుంచీ తెలుగు నేల మీద అది ఎందుకంత సులువుగా పాకిందని నన్ను అడిగితే, డేటా ధర తరువాత నేను చెప్పే కారణం ఇదే.

ఇక 'డ్యూయెట్' సంగతి, అంటే ఒకరు పెట్టిన వీడియో పక్కన మరొకరు తమ సగం చేర్చడం. పిన్ని 2013లో ఇంటిపని వీసా మీద కువైట్ వెళ్ళింది. మా వైపు దానిని 'కోయిటా' అంటారు. ఇంటికొకరు కాకపోయినా వీధికి నలుగురైనా అక్కడ ఉంటారు. అప్పటికి చెల్లి ఆరో తరగతి. తరువాతి రోజుల్లో ఇమో అనే యాప్‌లో వీడియో కాల్స్ వచ్చాయి, ముఖాలు చూసుకోవడం మొదలైంది. కాని ఆ కాల్స్ విన్నవారికి తెలుస్తుంది, వాటిలో మాట్లాడుకోవడానికి విషయం ఎంత త్వరగా అయిపోతుందో. తిన్నావా, చదువుతున్నావా, ఫలానావారి అప్పు తీర్చారా, నానమ్మ మోకాలు ఎలా ఉంది. తరువాత మౌనం. పిల్ల పెద్దదవుతున్నకొద్దీ ఆ మౌనం పెరిగింది, కొన్నిసార్లు అది తగువుగానూ మారింది. పైగా ఇద్దరికీ కుదిరే వేళ దొరకదు. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. అక్కడ రాత్రి పదకొండుకు గిన్నెలు కడగడం పూర్తి చేసి పిన్ని గదికి చేరేసరికి ఇక్కడ ఒంటిగంటన్నర అవుతుంది.

డ్యూయెట్‌కు ఇద్దరూ ఒకే వేళ మేలుకొని ఉండనక్కరలేదు. చెల్లి కాలేజీ నుంచి వచ్చి సాయంత్రం తన సగం చేసి పెట్టేది. పిన్ని పని ముగించుకున్నాక, అందరూ పడుకున్నాక, ఆ వీడియో పక్కన తన సగం చేర్చేది. పొద్దున్న లేచి చెల్లి చూసుకునేది. విషయం వెతుక్కోవలసిన పని లేదు, విషయం సినిమా ఇస్తుంది. అప్పుల ప్రస్తావన లేదు, మోకాలి ప్రస్తావన లేదు. కోడలు అత్తను దెప్పుతుంది, అత్త కోడలిని దెప్పుతుంది; నిజంగా అనుకోలేని కొన్ని మాటలను ఈ అరువు గొంతులతో వారు ఒకరినొకరు అనుకున్నారేమో కూడా నాకు తెలియదు. అమ్మ వదిలి వెళ్ళిపోయే సన్నివేశం ఒకటి చెల్లి ఎంచుకున్నప్పుడు, పిన్ని మూడు రోజులు దానికి తన సగం చేర్చలేదు. నాలుగో రోజు చేర్చింది. అందులో ఆమె పెదవులు కదలవు, ఊరికే చూస్తూ ఉంటుంది.

కొన్ని నెలల్లోనే పిన్నికి అక్కడ ఒక బృందం ఏర్పడింది. రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చిన ఆడవాళ్ళు, మా కోనసీమవారు, ఎవరూ ఎవరినీ ముఖాముఖి చూడనివారు, ఒకరి పాటకు మరొకరు డ్యూయెట్ చేసుకునేవారు. శుక్రవారం సెలవు దొరికిన ఇద్దరు ముగ్గురు ఒక బకాలా (అక్కడి కిరాణా కొట్టు) దగ్గర కలుసుకున్నారు కూడా. దుబాయి నుంచి జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్ళు జానపద పాటలకు చేసే వీడియోలు కూడా పిన్నికి వచ్చేవి. 'ఆ యాస నాకు సగమే అర్థమవుతుంది గానీ, ఆ అబ్బాయి వెనకాల ఆరేసిన లుంగీలు చూస్తే మనవాడే అనిపిస్తుంది నాన్నా' అని ఒకసారి నాతో అంది.

బాబాయికి ఇదంతా నచ్చలేదు. ఊళ్ళో తల ఎత్తుకోలేనన్నాడు. తల్లీకూతుళ్ళు ఇద్దరూ కలిసి ఆయనను బ్లాక్ చేశారు. ఆ సంగతి ఆయనకు మంగలి షాపులో తెలిసింది, అదీ వేరేవారి ఫోన్‌లో. ఆ వారమంతా ఇమో కాల్స్ సాగిన తీరు గురించి రాయవద్దని పిన్ని షరతు పెట్టింది. ఆయన అభ్యంతరాన్ని నేను పూర్తిగా కొట్టిపారేయలేను. ముఖం ఒకసారి బయటపడ్డాక ఎవరి చేతికి ఎలా చేరుతుందో తెలియదు, ఆడవాళ్ళ వీడియోల కింద పడే వ్యాఖ్యలు ఎటువంటివో అందరికీ తెలుసు. కాని అదే బాబాయి తన స్నేహితులతో కలిసి పేకాట బల్ల దగ్గర చేసిన వీడియోకు ఏ అభ్యంతరమూ లేదు.

బయట ప్రపంచంలో ఆ రోజుల్లో నడిచిన చర్చ వేరు. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆ యాప్ డౌన్‌లోడ్లను నిలిపివేయమంది, అదే నెల 24న ఆంక్ష ఎత్తివేసింది. ఆ ఏడాది జూలైలో ఖమ్మం నగరపాలక సంస్థ ఉద్యోగులు కొందరు కార్యాలయంలోనే వీడియోలు చేసి చర్యకు గురయ్యారు. లాక్‌డౌన్‌లో క్రికెటర్ డేవిడ్ వార్నర్ భార్యాపిల్లలతో తెలుగు పాటలకు అడుగులు వేస్తే, అప్పటిదాకా టిక్‌టాక్ పేరెత్తితే ముఖం చిట్లించినవారు కూడా ఆ వీడియోలను ఆనందంగా పంచుకున్నారు. అదే పాటకు అదే అడుగులు ఇటుక బట్టీ దగ్గర ఒక కుర్రాడు వేస్తే 'టిక్‌టాక్ బ్యాచ్' అనే మాట వచ్చేది. ఆ మాటలో వెక్కిరింపు నాట్యం మీద ఉన్నదానికంటే వెనకాల కనబడే సున్నం వేయని గోడ మీదే ఎక్కువగా ఉండేది. నేనేమీ మినహాయింపు కాదు. హైదరాబాద్‌లో మా ఆఫీసు స్నేహితుల వాట్సాప్ గ్రూపులో అటువంటి వీడియోలను నవ్వడానికే పంపుకునేవాళ్ళం. ఒకరోజు అందులోకి మా పిన్ని స్నేహితురాలి వీడియో వచ్చింది. నేను ఏమీ అనలేదు, గ్రూపులో నుంచి బయటికి రాలేదు కూడా.

2020 మార్చి చివరలో విమానాలు ఆగిపోయాయి. ఏప్రిల్‌లో పిన్ని రావలసి ఉంది. ఆ ఏడు రంజాన్ ఏప్రిల్ చివరిలో మొదలైంది. ఆ నెలలో అక్కడి ఇళ్ళలో వంటపని రాత్రంతా నడుస్తుంది, పైగా యజమానుల కుటుంబమంతా బయటికి కదలకుండా ఇంట్లోనే ఉంది. నేను మొదట చెప్పిన అత్తాకోడళ్ళ వీడియో ఆ రోజులదే. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో తల్లీకూతుళ్ళు దాదాపు రోజుకొకటి చేశారు. నా దగ్గర ఉన్నవి నలభై మూడు.

జూన్ 15న గల్వాన్‌లో చైనా సైనికులతో ఘర్షణ జరిగింది. జూన్ 29 రాత్రి కేంద్ర ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. ఆ నిర్ణయం మంచిచెడ్డల జోలికి నేను ఇక్కడ పోవడం లేదు. మా ఇంట్లో జరిగినది మాత్రం చెబుతాను. చెల్లి ఫోన్‌లో యాప్ పనిచేయడం మానేసింది, పిన్ని ఫోన్‌లో పనిచేస్తూనే ఉంది, ఎందుకంటే నిషేధం ఇక్కడ, ఆమె అక్కడ. రెండు సగాల్లో ఒకటి మూతపడింది. పిన్ని తన ఖాతాలో ఉన్న డ్యూయెట్లను ఒక్కొక్కటిగా ఫోన్‌లో భద్రపరచి, రాత్రిళ్ళు కూర్చుని వాట్సాప్‌లో పంపింది. అలా వచ్చినవే నా దగ్గర ఉన్న ఆ నలభై మూడు. కొన్ని వారాల పాటు ఆమె కువైట్‌లోని తోటి ఆడవాళ్ళతో చేస్తూ వచ్చింది. తరువాత మానేసింది.

ఖాళీ అయిన చోటు ఎంతో కాలం ఖాళీగా లేదు. జూలైలోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ వచ్చాయి, మోజ్, జోష్ వచ్చాయి, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. 2021లో రీల్స్‌కు 'రీమిక్స్' అనే పేరుతో డ్యూయెట్ వంటిదే చేర్చారు. చెల్లి దానిని పిన్నికి నేర్పడానికి ప్రయత్నించింది. పిన్ని రెండు చేసింది. కాని ఆమె బృందంలోని ఆడవాళ్ళు అక్కడికి రాలేదు, వచ్చిన ఒకరిద్దరు ఆమెకు కనబడలేదు. ఇన్‌స్టాగ్రామ్ ఫొటోలు బాగా తీయగలిగినవారి ఇల్లుగా మొదలైంది, ఆ ఇంటి పోకడ ఇంకా పోలేదని నాకు అనిపిస్తుంది. అక్కడ వెలుతురు బాగుండాలి, వెనకాల గోడ బాగుండాలి. పిన్ని ఆ మాట ఈ మాటల్లో అనలేదు. 'అక్కడ అందరూ పెళ్ళికి వచ్చినట్టు ఉంటారు' అంది.

పిన్ని 2022లో తిరిగి వచ్చేసింది. చెల్లి ఇప్పుడు రాజోలులో మగ్గం వర్కు జాకెట్లు చేసి అమ్ముతోంది. వారానికి మూడు రీల్స్ పెడుతుంది, ఎన్ని వ్యూస్ వచ్చాయో రాసుకుంటుంది, ఏ రంగు జాకెట్‌కు ఎక్కువ వచ్చాయో చూసుకుని తరువాతి గుడ్డ కొంటుంది. ఆ లెక్కలో ఆమె చాలా గట్టిది, ఆ పేజీ మీదే ఇప్పుడు ఇల్లు నడుస్తోంది. పిన్ని కూడా రోజూ ఒక గంట ఇన్‌స్టాగ్రామ్ చూస్తుంది. ఆమెకు పచ్చళ్ళు వస్తాయి, భక్తి పాటలు వస్తాయి, ఎవరిదో కుక్కపిల్ల వస్తుంది. పక్క గదిలో కూతురు చేసిన రీల్ మాత్రం ఆమె ఫీడ్‌లోకి రాదు. అందుకని చెల్లి రీల్ పెట్టిన ప్రతిసారీ లింకును వాట్సాప్‌లో తల్లికి పంపుతుంది, పిన్ని దానిని నొక్కి చూసి, వాట్సాప్‌లోనే ఒక చప్పట్ల బొమ్మ తిరిగి పంపుతుంది.