సోలార్ కంటే ముందు గోడల సంగతి తేల్చుకోండి

కదిరి దగ్గర మా చేన్లో ఇల్లు కడతున్నామంటే అందరూ ముందు అడిగేది కరెంటు స్తంభం ఎంత దూరంలో ఉందని. లైన్ తీసుకోవట్లేదు, మొత్తం సోలారే అని చెప్తే వెంటనే ఎన్ని ప్యానెళ్ళు, ఏ బ్యాటరీ అంటారు. ఎండకు మాకేం కొదవ లేదు, పక్కన ఎన్పీ కుంటలో పెద్ద సోలార్ పార్కే ఉంది. కానీ ఆరు నెలలు ప్లాన్లు గీసి చెరిపి మళ్ళీ గీసినాక నాకు తెలిసొచ్చిందేంటంటే, ప్యానెళ్ళ లెక్క చివర్లో వేసుకోవచ్చు, ముందు తేలాల్సింది గోడలు, పైకప్పు, నీళ్ళు.

మా అవ్వవాళ్ళది చౌడు మిద్దె, అంటే పైకప్పు మీద ఉప్పు మట్టి పోసిన ఇల్లు. రెండడుగుల మందం రాతి గోడలు, దూలాలు, దంతెలు, వాటి మీద కట్టె, మట్టి, అన్నిటికీ పైన చౌడు. చౌడులో సోడియం ఎక్కువ కదా, తడిస్తే మట్టి మెత్తగా విడిపోయి సందులన్నీ పూడుకుపోతాయి, అందుకే నీళ్ళు కిందికి దిగవు. మే నెల మధ్యాహ్నం కూడా ఫ్యాన్ లేకుండా హాయిగా నిద్రపోయేవాళ్ళం. వంటింట్లో గవాచి, అంటే పైకప్పులో వదిలిన కంత, ఉండేది, పొగ పోవాలన్నా వెలుతురు రావాలన్నా అదే దారి, వాన మొదలైతే మిద్దెక్కి దాని మీద బండ మూయడం నా పని. వాన వెలిసినాక బండ పక్కకి జరిపితే పొయ్యి ముందు కూర్చున్న అవ్వ ముఖం మీద వెలుతురు పడేది, ఆమె తలెత్తి చూసేది. కొత్తింట్లో గవాచి ఉండాల్సిందేనని నేను పట్టుబట్టింది అందుకే, పైన గట్టి గాజు వేయిస్తున్నాం.

చౌడు మాత్రం పెట్టుకోలేదు. ఏటా వానలకు ముందు కొత్తగా పోయాలి, ఆ పని తెలిసిన మనుషులు ఇప్పుడు దొరకడం కష్టం, కట్టెకు చెదల భయం ఒకటి. గోడలకు మా పునాదిలో తవ్విన ఎర్రమట్టికే కొంచెం సిమెంటు కలిపి ప్రెస్సులో ఒత్తిన ఇటుకలు, కాల్చే పని లేదు, మూడు వారాలు తడిపితే చాలు. బెంగళూరు సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఐఐఎస్సీలో పల్లెలకు పనికొచ్చే టెక్నాలజీ కోసం 1974లో మొదలైన అస్త్రా విభాగం వాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి పని చేశారు. పడమటి గోడకు కిటికీ ఒక్కటీ లేదు, ఆ వైపంతా వసారా, సాయంత్రం ఎండ గోడను తాకేది చాలా తక్కువ.

ఇల్లు చల్లగా ఉంటే ఏసీ అక్కర్లేదు, ఏసీ లేకపోతే కరెంటు లెక్క చాలా చిన్నదైపోతుంది. 75 వాట్ల ఫ్యాన్ల బదులు తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఫ్రిజ్, లైట్లు, మిక్సీ, టీవీ అన్నీ కలిపినా రోజుకి నాలుగు యూనిట్లు దాటదు. 3 కిలోవాట్ల ప్యానెళ్ళు మంచి ఎండలో 12 యూనిట్ల దాకా ఇస్తాయి. అంత ఎందుకంటే నవంబర్‌లో తుఫాను పట్టి మూడు రోజులు మబ్బేస్తే వచ్చేది అందులో పావు వంతే. మోటరు పగలే, ఎండ ఉన్నప్పుడే వేసుకుంటాం, బ్యాటరీ మీద ఆ బరువు పెట్టం.

నన్ను నిజంగా నిద్రపోనియ్యనిది నీళ్ళు. మా వైపు బోరు నీళ్ళల్లో ఫ్లోరైడ్, తాగడానికి వాన నీళ్ళే గతి. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, 1200 చదరపు అడుగుల మిద్దె, పోయింది పోగా 49 వేల లీటర్లు పట్టుకోవచ్చు. ఐదుగురికి తాగడానికీ వంటకీ రోజుకి 50 లీటర్లు అనుకున్నా ఏడాదికి 18 వేలు చాలు, కాబట్టి 20 వేల లీటర్ల సంపు. పోయినేడు షెడ్డు మీద పడే నీళ్ళతో ట్రయల్ వేసినప్పుడు మొదటి వానను బయటికి వదలకుండా నేరుగా ట్యాంకులోకి పెట్టేశాం, రేకుల మీది దుమ్ము, పిట్టల రెట్టలు అన్నీ అందులోకే దిగి నీళ్ళు వారానికే వాసనొచ్చాయి, మొత్తం పారబోయాల్సొచ్చింది. ఈసారి మొదటి నీళ్ళకి వేరే పైపు, ఆ తర్వాత ఇసుక, బొగ్గు, కంకర వేసిన ఫిల్టర్ గుంత.

నిన్న మేస్త్రి మిద్దె మెట్లకి కొలత తీస్తుంటే అమ్మ వచ్చి నిలబడింది. ప్యానెళ్ళు వారానికోసారి తుడవాలి, నేను ఊర్లో లేకపోతే ఎక్కాల్సింది తనే. మోకాళ్ళ నొప్పులు. "ఏడంగుళాలు ఎత్తు పెడుతున్నా అమ్మా" అన్నాడు మేస్త్రి. ఆమె ఇటుకలు ఒకదాని మీద ఒకటి పేర్చి కాలు పెట్టి చూసుకుని, "ఆరు చెయ్ నాయనా, పక్కన పట్టుకోడానికి కమ్మీ కూడా పెట్టు" అంది. మెట్లు పెరిగాయి, వసారా కాస్త తగ్గింది, ప్లాన్ మళ్ళీ గీయాలి.